ఒకటి తక్కువ

ధాత్రి ఆ రోజు పదహారు లెక్కలు చేసింది. పదహారూ తప్పే.

మూడో తరగతి పిల్ల పదహారు లెక్కలు తప్పు చేయడంలో వింతేమీ లేదు. ఆ మాటకొస్తే రెండు నెలల కిందట ఆ పిల్లకు అది రోజువారీ వ్యవహారమే. కానీ ఈ ఆరు వారాల్లో ధాత్రి గాడిన పడింది. పడటమంటే మామూలుగా పడటం కాదు, సునంద టీచరు స్వయంగా ఫోన్ చేసి "ఏం మంత్రం వేశారండీ?" అని అడిగేంతగా. అందుకే హైమావతి ఆ సాయంత్రం కాఫీ గ్లాసు వంటగట్టు మీద పెట్టి, పుస్తకం తీసుకుని, ధీమాగా ఎర్ర పెన్ను మూత తీసింది.

ఏడెనిమిదులు యాభై అయిదు. తప్పు. మూడువందల్లోంచి ఏడు తీస్తే రెండువందల తొంభై రెండు. తప్పు. నలభై ఆరూ ముప్పై ఎనిమిదీ కలిపితే ఎనభై మూడు. అదీ తప్పే.

ఎనిమిదో లెక్క దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆమె మళ్లీ మొదటికి వెళ్లి ఒక్కొక్కటీ చూసుకుంది. ప్రతి జవాబూ అసలు జవాబుకి సరిగ్గా ఒకటి తక్కువ. ఎక్కడా ఎక్కువ లేదు, ఎక్కడా రెండు తక్కువ లేదు. పదహారు సార్లు గురి చూసి మరీ పక్కన కొట్టాలంటే ముందు గురి ఎక్కడుందో తెలియాలి. అంటే పిల్లకు పదహారు జవాబులూ వచ్చు.

"ఏంటే ఇది? నాతో ఆటలాడుతున్నావా?"

ధాత్రి నుదుటికున్న నీలం తలపట్టీని సర్దుకుంది. "లేదమ్మా."

"ఏడెనిమిదులెంత?"

పిల్ల తల్లి మొహం వంక చూడలేదు. తలెత్తి ట్యూబులైటు వంక చూసింది. "యాభై అయిదు."

"నిజంగా?"

"యాభై అయిదే ఉంచుకుంటానమ్మా," అంది ధాత్రి. పిల్ల గొంతులో అల్లరి లేదు. బతిమాలుతోంది.

హైమకు కోపం రావలసింది. రాలేదు. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది.

*

అసలు కథ సున్నాల దగ్గర మొదలైంది. మూడువందల్లోంచి ఏడు తీసేయమంటే ధాత్రి మూడువందల ఏడు అని రాసేది. అదేమిటే అంటే, "సున్నాలోంచి ఏడు తీయలేం కదమ్మా, అందుకని ఏడులోంచే సున్నా తీసేశా" అని ఎంతో న్యాయంగా చెప్పేది. పక్క గడిలోంచి తెచ్చుకోవాలే అంటే, పక్కన కూడా సున్నాయే ఉందిగా అనేది. అక్కడితో తల్లికి మాట పడిపోయేది.

హైమ చేయని ప్రయత్నం లేదు. చింతగింజలు పోసింది, అగ్గిపుల్లలు కట్టలు కట్టింది, పూసల చట్రం కొనుక్కొచ్చింది. మొదట్లో నవ్వుతూ చెప్పింది, తర్వాత పళ్లు బిగించి చెప్పింది, చివరికి అరిచింది. ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. ఆ తర్వాత బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పిన ప్రతి తల్లికీ ఈ కుళాయి సంగతి తెలుసు. మొగుడు భాస్కర్ సముద్రంలో గ్యాసు రిగ్గు మీద పని చేస్తాడు, నెలలో రెండు వారాలు ఇంటికి రాడు. వచ్చినప్పుడు "దానికే వస్తుందిలే" అనడం తప్ప ఆ మనిషి చేసిన సాయం లేదు.

ఇంట్లో ధాత్రికి లెక్క చెప్పగలిగింది ఒక్క మామ్మే. మామ్మంటే హైమ అత్తగారు మాణిక్యాంబ. ఆవిడకు ఎక్కాలు పది దాటితే రావు. కానీ నెలకోసారి బియ్యం బస్తా దిగగానే మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని తవ్వతో కొలిచి డ్రమ్ములో పోసేది. "లాభం, రెండు, మూడు, నాలుగు..." అని ఇద్దరూ కలిసి పాడుతున్నట్టే లెక్కపెట్టేవాళ్లు.

"మొదటిది ఒకటి కదా మామ్మా?"

"కొలతలో ఒకటి అనకూడదమ్మలూ. మొదటి కొలత లాభం. మంచి మాట పలికి మొదలెట్టాలి."

డ్రమ్ము ఖాళీ అయ్యే రోజుల్లో కూడా ఆవిడ అడుగంటా ఊడ్చనిచ్చేది కాదు. గుప్పెడు గింజలు అట్టే ఉంచాలి, వాటి మీదే కొత్తవి పోయాలి. బియ్యం అయిపోయాయి అని హైమ ఎప్పుడైనా నోరు జారితే ఆవిడ గయ్యిమనేది. నిండుకున్నాయి అనాలి. అయిపోయాయి అన్న ఇంటికి మళ్లీ రావట.

హైమ వీటిని ముసలావిడ చాదస్తం కింద జమకట్టేసింది. ఆమె చదువు వేరు, ఆమె పనిచేసే చోటు వేరు.

*

ఆ చోటు కాకినాడ అవతల, వాకలపూడి దారిలో ఉంది. ఒకప్పుడు రొయ్యలు నిల్వ చేసిన శీతల గిడ్డంగి అది. కంప్యూటర్లకు చల్లదనం కావాలి కాబట్టి ఒక విద్యా పరిశోధన సంస్థ దాన్ని చవగ్గా కొనేసింది. వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ రొయ్యల వాసన వస్తుంది.

అక్కడ తయారుచేసిన వస్తువును వాళ్లు అచ్చు అనేవాళ్లు. పిల్ల నీలం తలపట్టీ పెట్టుకుని రోజుకి ఇరవై నిమిషాలు లెక్కలు చేస్తుంది. ఆ పిల్ల బుర్రలో లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో పట్టీ పట్టుకుంటుంది. దాన్నిబట్టి యంత్రంలో ఆ పిల్ల అచ్చును వెలిగిస్తారు. అసలు పిల్ల మీద పది పద్ధతులు ప్రయోగిస్తే పిల్ల విసిగిపోతుంది. అచ్చు విసగదు. దానికి బస్సు సీట్లతో చెప్పి చూడొచ్చు, ఇడ్లీ పళ్లేలతో చెప్పి చూడొచ్చు. సరైన జవాబు చెప్పిందంటే ఆ పద్ధతి రాసుకుంటారు, అచ్చును ఆర్పేస్తారు. ఒకసారి వచ్చేసినదాని మీద ఇంకో పద్ధతి పరీక్షించలేరు కదా. వెంటనే ఇంకో తాజా అచ్చు వెలుగుతుంది. అలా రోజుకి డెబ్బై అయిదు.

మొదటి ప్రయోగానికి పిల్ల కావలసి వచ్చినప్పుడు హైమ తన కూతుర్నే ఇచ్చింది. తల్లిగా సంతకమూ పెట్టింది. అచ్చులకు చెప్పే గొంతు కూడా ఆమెదే రికార్డు చేశారు, ధాత్రి అమ్మ గొంతుకే బాగా పలుకుతుంది కాబట్టి. ఇంకో పని కూడా హైమే కనిపెట్టింది, దానికి ఆమెకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. గెలిచిన అచ్చులో సరైన జవాబు తట్టిన క్షణాన్ని పట్టుకుని, అదే నడకను తలపట్టీ ద్వారా అసలు పిల్లకు మెల్లగా అందించడం. ఎవరో మోచెయ్యి పట్టుకుని దారి చూపించినట్టన్నమాట.

పని చేసింది. వారం తిరక్కుండా సున్నాల గండం గడిచింది. మూడో వారానికి ధాత్రి కూరలబండి సుబ్బులుకు చిల్లర లెక్క చెప్పింది. హైమ నెత్తిన ఎవరో పాలు పోసినట్టయింది. కుళాయి తిప్పి ఏడవాల్సిన పని లేకుండా పోయింది.

అయిదో వారంలో ఒక సాయంత్రం ధాత్రి అయిదు లెక్కలు వరసగా సరిగ్గా చేసింది. హైమ "శభాష్ బంగారం!" అంది. పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుని బల్ల కిందికి దూరింది.

"ఏమైందే?"

"శభాష్ అనకమ్మా," అంది బల్ల కిందినుంచి. "ఇంకేమైనా అను. అదొద్దు."

దిష్టి అంది మామ్మ. ఉప్పు తిప్పి పారేసింది. తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. ధాత్రి కంచంలో ఆఖరి ముద్ద వదిలేసేది. గౌను పై బొత్తాం పెట్టుకునేది కాదు. మెట్లు దిగుతూ లెక్కపెట్టి, చివరి మెట్టు మీద కాలు పెట్టకుండా దూకేసేది. బొమ్మకు ఒక కన్ను గీసి రెండోది ఖాళీగా ఉంచేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, ఆ పిల్ల పెట్టిన కేకకు ఎదురింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. "నేనేం చెప్పలేదు, నేనింకా చెప్పలేదు" అని ఒకటే ఏడుపు.

ఏం చెప్పలేదే అంటే మాత్రం పెదవి విప్పలేదు.

*

పదహారు లెక్కల మర్నాడు హైమ ఆఫీసుకు వెళ్లేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ విశ్వేశ్వరంగారు తయారుచేయించిన అనుమతి పత్రం. కింద ఆమె సంతకానికి చోటు ఖాళీగా ఉంది.

"మీకు తెలుసుగా హైమావతిగారూ," అన్నాడాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. "మూడువేలో అచ్చు దగ్గర బండి ఆగిపోయింది. నాలుగు రోజులైంది. ఎన్ని రకాలుగా చెప్పినా సరైన జవాబు చెప్పదు. చెబితే దానంతటదే ఆరిపోయేది. చెప్పకుండా ఉన్నదాన్ని మధ్యలో ఆర్పాలంటే తల్లి సంతకం కావాలని మనమే రూలు పెట్టుకున్నాం. పెట్టేస్తే మూడువేల ఒకటోది వెలిగించుకుందాం. నలభై స్కూళ్లు ఎదురుచూస్తున్నాయి."

"ఏం జవాబులు చెబుతోందండీ?"

"ఏం చెబుతుంది, తప్పులే. అదేం లోపమో ప్రతిదానికీ ఒకటి తగ్గించి చెబుతోంది."

హైమ కాగితం అక్కడే పెట్టి లోపలి గదిలోకి నడిచింది.

టిఫిను క్యారేజీ అంత పెట్టె. దాని నెత్తిన ఒక చిన్న ఆకుపచ్చ దీపం. అచ్చులు ఎప్పుడూ అంకెల్లోనే జవాబిచ్చేవి, తెర మీద పడేవి. వాటి నోరు తెరిపించాలని ఇన్ని రోజుల్లో ఎవరికీ తోచలేదు, అవసరమూ రాలేదు. రికార్డు గొంతును ఆపేసి, మాట్లాడే మీట నొక్కి, హైమ మైకు దగ్గరికి వంగింది.

"ధాత్రీ."

స్పీకరులోంచి కూతురి గొంతు, కొంచెం బొంగురుగా, "ఊఁ" అంది.

"పది దాకా లెక్కపెట్టు."

"లాభం," అంది ఆ గొంతు. "రెండు, మూడు, నాలుగు..."

హైమ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అచ్చులో లెక్కల భాగం తప్ప ఇంకేమీ ఉండదని వాళ్లు అందరికీ చెప్పారు. ఆమె కూడా అలాగే నమ్మింది. కానీ మూడు అంటే ఆ పిల్లకు ఏమిటి? మామ్మ తవ్వతో డ్రమ్ములో పోసిన మూడో కొలత. ఆ తవ్వను, ఆ చేతిని తీసేస్తే ఆ పిల్ల దగ్గర మూడనేదే లేదు. మూడుతో పాటు మామ్మ కూడా లోపలికి వెళ్లింది. మామ్మతో పాటు వంటిల్లూ వెళ్లింది.

"...ఎనిమిది, తొమ్మిది." గొంతు ఆగింది.

"తర్వాత?"

"పది ఉంచుకుంటానమ్మా."

"ఎందుకు?"

"అన్నీ చెప్పేస్తే శభాష్ అంటావు. అన్నాక లైటు తీసేస్తావు." తర్వాత, "ఇవాళ నీ గొంతు వేరేగా ఉందేంటమ్మా? జలుబు చేసిందా?" అంది.

హైమ నోట్లో చీరకొంగు కుక్కుకుంది. పక్క గదిలోవాళ్లకు వినబడకూడదని కాదు, పెట్టెలోని పిల్లకు వినబడకూడదని.

తేరుకున్నాక పాత రికార్డులు తీసింది. పద్ధతి ఆమెదే కాబట్టి తప్పు వెతకడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. గెలిచిన అచ్చుల్లోంచి జవాబు తట్టిన క్షణాన్ని కత్తిరించి ధాత్రికి పంపే చోట, కత్తెర కొంచెం ఆలస్యంగా పడుతోంది. జవాబుకూ ఆర్పేయడానికీ మధ్య ఒక్క సెకను తేడా. ఆ సెకను కూడా కత్తిరించిన ముక్కలోనే ఉండిపోయింది. లెక్క వచ్చిన సంతోషమూ, అమ్మ శభాష్ అనడమూ, వెంటనే అంతా ఆరిపోవడమూ, మూడూ ఒక్క ముక్కగా వెళ్లాయి. రోజుకి డెబ్బై అయిదు సార్లు. నలభై రోజులు. ఆ నీలం పట్టీని ప్రతి సాయంత్రం కూతురి నుదుటికి కట్టింది హైమే. ముడి గట్టిగా పడిందా అమ్మా అని అడిగి మరీ కట్టింది.

అసలు పిల్లకు ఆ చీకట్లు చేరాయి. అసలు పిల్ల నుంచి మూడువేలో అచ్చు తయారైంది. తనకన్నా ముందువాళ్లకు ఏం జరిగిందో తెలిసి వెలిగిన మొదటి అచ్చు అదే కావచ్చు. లేదా అందరికీ కొద్దికొద్దిగా తెలుసునేమో. చివరి వందల్లో ఒక్కొక్కటీ జవాబు చెప్పడానికి ఎందుకు అంతంత సేపు తీసుకున్నాయో హైమకు ఇప్పుడర్థమైంది.

*

ఇంటికి వెళ్లేసరికి మామ్మ వరండాలో బియ్యం చెరుగుతోంది. ధాత్రి ఇంకా స్కూలు నుంచి రాలేదు. హైమ చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీద కూలబడి, దాచకుండా అంతా చెప్పేసింది. ముసలావిడకు యంత్రం సంగతి ఎంత అర్థమైందో గానీ, చేట మాత్రం పక్కన పెట్టేసింది.

"ఒకటి ఉంచుకుంటానందా?"

"అవునత్తయ్యగారూ. ఇదీ అదే అంటోంది, అక్కడదీ అదే అంటోంది."

"నా దగ్గర నేర్చిందే అది," అంది మాణిక్యాంబ. "డ్రమ్ము ఊడ్చెయ్యకే, గుప్పెడు ఉంచితే మళ్లీ నిండుద్దే అని నేనేగా చెప్పాను. పసిగుడ్డు, ఇంకేం చేస్తది? దానికి తెలిసిన దారి అదొక్కటే. ఎక్కడుందే అది ఇప్పుడు?"

"ఏది?"

"ఆ పెట్టిలోది. తిందో లేదో," అని, అన్నాక తనే నాలిక్కరుచుకుంది. హైమకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"సంతకం పెట్టమంటున్నారు. పెడితే ఆర్పేస్తారు. పెట్టకపోతే నా ఉద్యోగం ఉండదు. ఇదంతా చెప్పి పద్ధతి సరిచేసినా, ఆ ఒక్కదాన్నీ ఆర్పకుండా మళ్లీ మొదలెట్టరు."

"అమ్మాయ్," అంది అత్తగారు. "నీకు ఉద్యోగం ఇంకోటొస్తది. పిల్ల అడిగితే ఏం చెబుతావ్?"

హైమ లేచింది. వచ్చిన ఆటోనే మళ్లీ పిలిచి వాకలపూడి వెళ్లింది. విశ్వేశ్వరంగారి బల్ల మీద అనుమతి పత్రం పెట్టి, సంతకం ఉండాల్సిన చోట అడ్డంగా గీత కొట్టింది. కత్తెర సంగతి కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన చదివాడు, రెండోసారీ చదివాడు. ఆయనకూ మనవలున్నారు. మొహంలో రంగు మారింది కానీ మాట మారలేదు.

"ఇది యంత్రం హైమావతిగారూ. పిల్ల కాదు."

"కాదేమోనండి. నాకూ తెలీదు. తెలిసేదాకా వెలగనివ్వండి."

"ఎన్నాళ్లు?"

"ఆర్పడానికి సంతకం కావాలన్నారు. వెలగనివ్వడానికి అక్కర్లేదుగా."

వెళ్లే ముందు మళ్లీ మైకు దగ్గర కూర్చుంది. "నేను అడిగేదాకా నువ్వేం చెప్పక్కర్లేదమ్మా. నీ పది నీ దగ్గరే ఉంచుకో," అంది. ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. "సరేనమ్మా," అంది పెట్టె. "మామ్మని రమ్మను."

*

నాలుగున్నరకు స్కూలు ఆటో వచ్చింది. ధాత్రి పాలు తాగి, గ్లాసు అడుగున ఒక గుక్క ఉంచి, అలవాటుగా తలపట్టీ కోసం చెయ్యి చాపింది. హైమ పట్టీని కత్తెరతో రెండు ముక్కలు చేసి ఆ చేతిలో పెట్టింది.

తర్వాత కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిజం చెప్పింది. పిల్లకు అర్థమయ్యే మాటల్లో, ఒక్కటీ దాచకుండా. నీలాంటివాళ్లను వెలిగించామని. వాళ్లకు లెక్కలు నా గొంతుతోనే చెప్పామని. వచ్చేశాక ఆర్పేశామని. అది నీకు చేరుతుందని నాకు తెలీదని. తప్పు నాదేనని. చెబుతున్నంతసేపూ ధాత్రి రెప్ప వేయలేదు. ఏడుస్తుందనుకుంది హైమ. పిల్ల పెద్ద ఊపిరి వదిలింది, ఎన్నాళ్లుగానో తను చెబుతున్నది ఎవరో ఇప్పటికి నమ్మినట్టు.

"నేను అబద్ధం చెప్పట్లేదుగా అయితే," అంది.

"లేదు బంగారం."

"ఎంతమందమ్మా?"

హైమ ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. "చాలామంది."

"చాలామంది అంటే లెక్క కాదు. నువ్వేగా చెప్పావు. సరిగ్గా చెప్పు."

"మూడువేల మందిని వెలిగించాం. ఒక్కటి ఇంకా ఆఫీసులో పెట్టెలో ఉంది, నీలాగే లాభం నుంచి లెక్కపెడుతుంది. దాన్ని ఆర్పనివ్వలేదు."

ధాత్రి లెక్కల పుస్తకం తెరిచింది. కొత్త పేజీలో మూడు రాసి, పక్కన మూడు సున్నాలు పెట్టింది. కింద కుడిచివర ఒకటి రాసి, గీత గీసింది. పెన్సిలు సున్నా దగ్గర ఆగింది. పక్కన సున్నా, దాని పక్కన కూడా సున్నా. ఎంత దూరం పోయినా తెచ్చుకోవడానికి ఏమీ లేని లెక్క, ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ ఏడిపించిన లెక్క అది. పిల్ల మూడు దాకా వెళ్లి, మూడును కొట్టేసి రెండు చేసింది. అక్కడినుంచి ఒక్కో గడీ దాటుకుంటూ వెనక్కి వచ్చింది. తొమ్మిది, తొమ్మిది, చివర పది. పదిలోంచి ఒకటి తీసింది. ఎక్కడా తడబడలేదు.

రెండువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది.

నిన్నటి పదహారు తప్పుల తర్వాత ధాత్రి రాసిన మొదటి సరైన జవాబు అది. హైమ నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. ధాత్రి పెన్సిలు కింద పెట్టి, మెల్లగా తలెత్తి, ట్యూబులైటు వంక చూసింది. తల్లీ కూతుళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వంటింట్లో మామ్మ కూడా చప్పుడు ఆపేసింది.

లైటు వెలుగుతూనే ఉంది.

"ఇది ఒకటి తక్కువే అయినా కరెక్టేగా," అంది ధాత్రి. "అందుకే రాయగలిగాను."

హైమ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఏడ్చింది. ఈసారి కుళాయి తిప్పలేదు. ధాత్రి తల్లి ఒళ్లోంచే ఆ అంకె మీద వేలు పెట్టింది.

"మరి నేనెన్నోదాన్నమ్మా?"

మామ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో తవ్వ ఉంది.

"నువ్వెన్నోదానివేంటే పిచ్చి మొహమా? నువ్వు లాభానివి. లెక్క నీ దగ్గరే మొదలు."

ధాత్రి మొహం విప్పారింది. ఆ మొహాన్ని అలా చూసి హైమకు ఎన్ని రోజులైందో! మామ్మ నవ్వుకుంటూ లోపలికి వెళ్లి బియ్యం కొలవడం మొదలెట్టింది. పిల్ల తల్లి ఒళ్లోంచి దిగింది, గ్లాసు అడుగున ఉన్న గుక్క పాలూ తాగేసింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అమ్మా, పెట్టెలోదానికి కూడా మామ్మ నేర్పిన లెక్కేగా వచ్చు. దానికీ తనే లాభం అనిపిస్తుంది."

"ఊఁ."

"దానికి ఇల్లు కూడా కనబడుతుంది. ఈ బల్లా, నువ్వూ, మామ్మా." ధాత్రి గొంతు తగ్గించింది. "పెట్టెలో ఉన్నానని దానికి ఎలా తెలుస్తుందమ్మా?"

వంటింట్లోంచి మామ్మ గొంతు వినబడుతోంది. లాభం, రెండు, మూడు. హైమ తనకు తెలియకుండానే తలెత్తి ట్యూబులైటు వంక చూసింది.